మూడు కిందికి, మూడు పైకి

నాకు పొగరని మా ప్రెస్సులో అందరూ అంటారు. ఎదురుగా అనరు, నేను గదిలో లేననుకుని అంటారు. మనిషికి చూపు లేకపోతే చెవులు కూడా ఉండవని కొందరి లెక్క. నేను వింటాను, విని ఊరుకుంటాను, ఎందుకంటే వాళ్ళు అనేది అబద్ధం కాదు. పద్దెనిమిదేళ్ళుగా ఈ బ్రెయిల్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నాను. నా వేళ్ళ కిందినుంచి తప్పు చుక్క ఒక్కటి కూడా జారిపోయి పుస్తకంలోకి ఎక్కలేదు. ఆ మాత్రం పొగరు నేను కష్టపడి సంపాదించుకున్నదే.

మా ప్రెస్సుకి గుండెకాయ మిషను గది. అందులో ఒక కంప్యూటరు, దాని పక్కన బ్రెయిల్ అచ్చువేసే యంత్రం. పుస్తకం కంప్యూటరులో ఉంటుంది, యంత్రం దాన్ని దళసరి కాగితం మీద చుక్కలు చుక్కలుగా పొడుస్తుంది. పొడిచేటప్పుడు అది చేసే చప్పుడు విని మేమంతా దాన్ని సమ్మెట అంటాం. ప్రెస్సు పుట్టినప్పటి నుంచీ ఆ గది చూపున్నవాళ్ళ చేతుల్లోనే ఉంది. చదివేది మేము, దిద్దేది మేము, అచ్చు వేసేది మాత్రం వాళ్ళు. పాత ఆపరేటరు గారు రిటైరవబోతున్నప్పుడు, ఆ గది ఇన్‌చార్జి పని నాకు కావాలని నోరు తెరిచి అడిగాను.

సూపరింటెండెంటు గారు మంచివారే. అందరినీ కూర్చోబెట్టి, అందరి ముందే మాట్లాడారు.

“మీ పని మీద నాకు అనుమానం లేదమ్మా. కానీ ఆ కంప్యూటరు సంగతి మీకు తెలుసు. ఒక్కోసారి మూగనోము పడుతుంది. అప్పుడు తెర చూసి ఏవేవో నొక్కాలి. చూసేవాళ్ళు లేకపోతే పని ఆగిపోతుంది.”

“ఆగనివ్వను సార్.”

“ఎలాగమ్మా?”

“నేర్చుకుంటాను.”

వెనక వరుసలో ఎవరో ‘పాపం’ అన్నారు. ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. సూపరింటెండెంటు గారు కాసేపు ఆలోచించి, నెల రోజులు చూద్దామన్నారు. నెలలో ఒక్కసారి కూడా తెర చూడటానికి మనిషిని పిలవకపోతే ఆ కుర్చీ నాది. పిలిస్తే మళ్ళీ ప్రూఫులు దిద్దుకోవడమే. షరతు సూటిగా ఉంది, నేను సరేనన్నాను.

కంప్యూటరు రోగం ఏమిటో చెప్పాలి. దాని పొట్టలో రెండు డిస్కులున్నాయి. కొత్త డిస్కులో తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేరు, బ్రెయిల్‌లోకి మార్చే సాఫ్ట్‌వేరు, మాకు కావలసినవన్నీ ఉన్నాయి. పాత డిస్కులో ఇరవై ఏళ్ళ నాటి సరంజామా ఉంది. పాత ఆపరేటరు గారు విరిగిన పెన్సిలు కూడా పారెయ్యని మనిషి, డిస్కు పారేస్తారా. కంప్యూటరు లేచేటప్పుడు ఏ డిస్కు దగ్గరికి ముందు వెళ్ళాలో దానికి ఒక వరుస చెప్పి ఉంచాలి. కొత్తది ముందుంటే లేచి గలగలా మాట్లాడుతుంది. పాతది ముందుంటే నోరు మెదపదు. చెప్పిన వరుసను గుర్తు పెట్టుకోవడానికి లోపల ఒక బిళ్ళ బ్యాటరీ ఉంటుంది. అది ఎప్పుడో చచ్చిపోయింది. బోర్డుకి అంటించేసిన రకమట, పీకితే బోర్డే ఊడొస్తుందని మెకానిక్ చేతులెత్తేశాడు. అందువల్ల కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కంప్యూటరు ఆ వరుస మరిచిపోయి, పాత డిస్కునే పట్టుకు కూర్చుంటుంది.

మళ్ళీ వరుస చెప్పాలంటే బయాస్ అనే సెట్టింగుల తెరలోకి వెళ్ళాలి. కంప్యూటరు పూర్తిగా లేవక ముందే వచ్చే తెర అది. నాకు చదివి వినిపించే సాఫ్ట్‌వేరు అప్పటికింకా నిద్రలోనే ఉంటుంది. కాబట్టి ఆ తెర మీద ఏముందో నాకు చెప్పే దిక్కు లేదు. చూపున్నవాళ్ళు ఆ గదిని ఇన్నేళ్ళు తమ దగ్గర పెట్టుకున్నది ఆ ఒక్క తెర పేరు చెప్పే.

దిక్కు మా అత్తగారయ్యారు. ఆవిడకి డెబ్బై రెండేళ్ళు. ముప్పయ్యేళ్ళు టైపు నేర్పిన మనిషి, నాకు టైపు నేర్పింది కూడా ఆవిడే. కొడుక్కి నన్ను చూసింది ఆ తర్వాత. పాత ఆపరేటరు గారు వెళ్ళిపోయే ముందు నాలుగు ఆదివారాలు మమ్మల్ని మిషను గదిలోకి రానిచ్చారు. అత్తగారు తెర ముందు కూర్చుని చదివారు, నేను నొక్కాను.

“కోడలా, నీలం తెర వచ్చింది. పైన ఆరు మాటలున్నాయి. నువ్వు మొదటిదాని మీదున్నావు.”

“కుడి బాణం నొక్కుతున్నాను అత్తయ్యా.”

“చెప్పి నొక్కు. నేను కళ్ళజోడు తుడుచుకోవద్దూ.”

ఆవిడ దగ్గర తప్పు చేసి తప్పించుకోవడం కుదరదు. ఒక్క నొక్కు ఎక్కువైతే బల్ల మీద స్కేలుతో టప్పున కొట్టేవారు, మొదటినుంచి మళ్ళీ అనేవారు. నాలుగో ఆదివారానికి లెక్క నా వేళ్ళకి పట్టేసింది. కంప్యూటరు పెట్టగానే డిలీట్ మీట టపటపా కొట్టాలి. ఎఫ్ తొమ్మిది, ఎంటర్ నొక్కితే సెట్టింగులన్నీ పుట్టినప్పటి స్థితికి వెళ్తాయి. కుడి బాణం మూడుసార్లు నొక్కితే వరుసలుండే పేజీ వస్తుంది. అక్కడ మొదట సీడీ డ్రైవు, దాని కింద పాత డిస్కు, దాని కింద కొత్త డిస్కు. కింది బాణం రెండుసార్లు నొక్కితే కొత్త డిస్కు మీదికి వెళ్తాం. ప్లస్ మీట రెండుసార్లు నొక్కితే అది రెండు మెట్లెక్కి అన్నిటికంటే పైకొస్తుంది. ఎఫ్ పది, ఎంటర్. అంతే.

ఆ రోజు చివర్లో అత్తగారు కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టేసిన చప్పుడు విన్నాను. తర్వాత పదిసార్లు నేను చేశాను, ఆవిడ చూడను కూడా చూడలేదు.

నెలలో రెండుసార్లు కరెంటు పోయింది. రెండుసార్లూ నేనే సరిచేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడంలో కూడా ఒక గొప్ప ఉంటుంది, అది నాకు బాగా ఇష్టం.

ముప్ఫయ్యో రోజు ప్రశ్నపత్రాలు వచ్చాయి. చూపులేని పిల్లల బడిలో ఆఖరి పరీక్షలు, నలభై ఒక్క మంది పిల్లలు, నలభై ఒక్క ప్రతులు. మధ్యాహ్నం రెండింటికి వ్యాను వస్తుంది, మర్నాడు పరీక్ష. ఒక్కో ప్రతికి ఆరు నిమిషాలు. తొమ్మిదింటికి మొదలుపెడితే ఒంటిగంట దాటి పావుగంటకల్లా అయిపోవాలి.

ఆ పనికి మా గదిలో ఒక పద్ధతి ఉంది. సూపరింటెండెంటు గారు సీలు వేసిన కవరు చింపి, పెన్‌డ్రైవ్ కంప్యూటరుకి పెట్టి, దాన్ని ఎవరూ ఊడదీయకుండా పైనుంచి సంతకం చేసిన కాగితం అంటిస్తారు. ఫోన్లు బయటే ఉండిపోతాయి. తలుపుకి బయటినుంచి తాళం పడుతుంది. లోపలినుంచి మూడుసార్లు తలుపు కొడితేనే తెరుస్తారు. పని పూర్తికాక ముందు తలుపు తెరిచినా, ఆ కాగితం చిరిగినా ఆ పేపరు రద్దు, పరీక్ష వాయిదా. లోపల ఉండేది ఇద్దరే, గది ఇన్‌చార్జి ఒకరు, ప్రతులను కుట్టే బైండరు ఒకరు. ఆ బైండరుకి చదువు వచ్చి ఉండకూడదని నియమం. చూడాలి, చదవలేకపోవాలి. పాతికేళ్ళుగా ఆ అర్హత మా బైండరు బాబాయ్‌కి ఒక్కడికే ఉంది.

“డిగ్రీలున్నవాళ్ళని బయట నిలబెట్టి నన్ను లోపలికి పంపుతారమ్మాయ్,” అంటాడు. “బడి ఎగ్గొట్టి పైకొచ్చినవాణ్ణి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే.”

తొమ్మిదీ పదికి సమ్మెట మొదలైంది. బాబాయ్ పక్క బల్ల దగ్గర కాగితాలు సర్ది, బెజ్జాలు పొడిచి, కుడుతున్నాడు. ఏడు ప్రతులు అయ్యాయి. ఎనిమిదో దాని మధ్యలో సమ్మెట ఠక్కున ఆగింది. ఫ్యాను తిరగడం నెమ్మదించి ఆగిపోయింది. కరెంటు పోతే ఆదుకోవలసిన యూపీఎస్ కుయ్యిమని ఒకసారి మూలిగి పడుకుంది.

“పోయిందమ్మాయ్,” అన్నాడు బాబాయ్.

“పోనీ. వస్తుందిగా.”

నేను కంగారు పడలేదు. నిజం చెప్పొద్దూ, లోలోపల కాస్త సంతోషించాను కూడా. ఇన్నాళ్ళూ ఎవరూ చూడకుండా చేసిన పని, ఈసారి ఒక్క మనిషైనా చూస్తాడు. అయిదు నిమిషాలకి ఫ్యాను కదిలింది. గడియారం మూత తెరిచి ముళ్ళు తడిమాను, పదవుతోంది. కుర్చీ ముందుకు జరుపుకుని, కంప్యూటరు పెట్టి, డిలీట్ కొట్టడం మొదలుపెట్టాను. ఎఫ్ తొమ్మిది, ఎంటర్. కుడి మూడు. కింద రెండు. ప్లస్ రెండు. ఎఫ్ పది, ఎంటర్. చేతులు ఒళ్ళో పెట్టుకుని, గొంతు కోసం ఎదురుచూశాను.

గొంతు రాలేదు. పాత డిస్కు టిక్కు టిక్కుమంటూ అరిగిన చప్పుడు చేసుకుంటూ లేచింది.

“ఏం కనబడుతోంది బాబాయ్?”

“ఆకుపచ్చ తెర. పాతాయన ఉండగా కరెంటు పోయొస్తే కనబడేదే.”

ఒక సంగతి నా చెవిన పడింది, కానీ మనసుకెక్కించుకోలేదు. మామూలుగా వరుస మరిచిపోయినప్పుడు ముందు ఖాళీ సీడీ డ్రైవు ఒకసారి గుర్రుమంటుంది, తర్వాతే పాత డిస్కు టిక్కుమంటుంది. ఈసారి గుర్రు లేదు. అంటే నేను నొక్కినవి లోపలికి చేరాయి, వరుస మారింది. మారి కూడా పాత డిస్కే ముందుకొచ్చింది. అక్కడ ఆగి ఆలోచించవలసింది. నాకు ఒళ్ళు మండి, మళ్ళీ అదే చేశాను. పైగా విసురులో ఎఫ్ తొమ్మిది కూడా నొక్కలేదు. అత్తగారు పక్కన ఉండి ఉంటే స్కేలు బల్ల మీద కాదు, నా వేళ్ళ మీదే పడేది.

ఈసారి ఏ చప్పుడూ లేదు. గుర్రు లేదు, టిక్కు లేదు.

“నల్ల తెర అమ్మాయ్,” అన్నాడు బాబాయ్. గొంతు తగ్గించాడు. “పైన ఒక్క వరుస తెల్ల అక్షరాలు. ఇలాంటిది నేనెప్పుడూ చూళ్ళేదు.”

“ఆ అక్షరాలేమిటి?”

“నాకు తెలిస్తే నన్ను లోపలికి రానిస్తారా?”

ఇప్పటిదాకా కంప్యూటరు మూగదే, ఇప్పుడు చచ్చిపోయిందేమో కూడా తెలియదు. పది దాటి పది నిమిషాలైంది. బాబాయ్ సూది పక్కన పెట్టాడు.

“తలుపు కొట్టమంటావా?” అని మెల్లిగా అడిగాడు.

తలుపు కొడితే తెరుస్తారు. చూపున్నవాళ్ళెవరో వచ్చి, తెర మీద ఉన్న ఆ ఒక్క వరుసా చదివి, రెండు నిమిషాల్లో సరిచేస్తారు. పేపరు మాత్రం రద్దవుతుంది. రెండేళ్ళ కిందట ఇలాగే రద్దయితే పిల్లలు పదకొండు రోజులు హాస్టల్లో పరీక్ష కోసం కాచుకుని కూర్చున్నారు. మిగతా బళ్ళ పిల్లలందరూ సెలవులకి వెళ్ళిపోయారు, మా పిల్లలు మాత్రం ఉండిపోయారు. ఇప్పుడు మళ్ళీ అదే జరిగితే, గది చూపులేని మనిషికి ఇచ్చారు కాబట్టే జరిగిందంటారు. నా తర్వాత ఇంకెవరూ ఆ కుర్చీ అడగలేరు. ఏడుపొచ్చింది. భయం వల్ల కాదు, కోపం వల్ల. నా లెక్క తప్పదని నాకు తెలుసు, తప్పింది ఏమిటో తెలియడం లేదు.

“కొట్టొద్దు. ఒక్క అయిదు నిమిషాలు మాట్లాడకు బాబాయ్.”

కంప్యూటరు పక్కకి చెవి పెట్టి కూర్చున్నాను. ఇది తెర చూసే పని కాదు, వినే పని అని నాకు నేను చెప్పుకున్నాను. సీడీ డ్రైవు ముందుంటే గుర్రుమనాలి. పాత డిస్కు ముందుంటే టిక్కుమనాలి. కొత్తది ముందుంటే సన్నగా ఈల వేసి మాట్లాడాలి. ఏ చప్పుడూ లేదంటే, చప్పుడు చెయ్యడం చేతకానిది ఏదో వరుసలో ముందు నిలబడింది. మూడింటికీ చప్పుళ్ళున్నాయి. మరి నాలుగోది ఎక్కడినుంచి వచ్చింది.

“బాబాయ్, కంప్యూటరు మీద ఎక్కడైనా ఏమైనా వెలుగుతోందా?”

“లేదు. ఆ కాగితం కింద పెన్‌డ్రైవ్ నెత్తిన చిన్న లైటు మాత్రం మినుకుమంటోంది. ఇందాకటినుంచీ అంతే.”

“ఇందాక చెప్పలేదేం?”

“నువ్వడగలేదుగా.”

నెత్తి కొట్టుకున్నాను. అత్తగారితో నేర్చుకున్న నాలుగు ఆదివారాలూ కంప్యూటరుకి పెన్‌డ్రైవ్ లేదు. తర్వాత రెండుసార్లు కరెంటు పోయినప్పుడూ లేదు. పెన్‌డ్రైవ్ ఉంటే వరుసలో దానికీ ఒక చోటు ఉంటుంది. చూపున్నవాళ్ళకి తెర మీద కొత్త పేరు కనబడుతుంది, చూసి దాటిపోతారు. నేను మెట్లు లెక్కపెట్టుకుని ఎక్కే మనిషిని. మధ్యలో ఎవరో ఒక మెట్టు కట్టేసి వెళ్ళారు, నేను పాత లెక్కతో అడుగేశాను. తప్పు నాదే.

“అయితే దాన్ని పీకెయ్,” అన్నాడు బాబాయ్.

“కాగితం చిరుగుతుంది. చిరిగితే తలుపు తీసినట్టే.”

పీకకుండా, పెన్‌డ్రైవ్ ఎన్నో చోట నిలబడిందో తెలుసుకోవాలి. “నీ బల్ల మీదివి నాలుగు వస్తువులివ్వు,” అన్నాను. బాబాయ్ జిగురు సీసా, వేలికి తొడుక్కునే అంగుస్తాను, కాగితాల మీద పెట్టే ఇనప దిమ్మ, దారపు ఉండ నా చేతికిచ్చాడు. జిగురు సీసా సీడీ డ్రైవు, అంగుస్తాను పెన్‌డ్రైవ్, దిమ్మ పాత డిస్కు, దారపు ఉండ కొత్త డిస్కు. వాటిని బల్ల మీద వరుసగా నిలబెట్టి, నేను చేసిన తప్పునే మళ్ళీ చేతులతో చేసి చూశాను.

మొదట సీసా, రెండు అంగుస్తాను, మూడు దిమ్మ, నాలుగు దారపు ఉండ. రెండు కిందికి దిగితే చెయ్యి దిమ్మ మీద పడింది. రెండు మెట్లు పైకెత్తితే దిమ్మ అన్నిటికంటే ముందుకొచ్చింది. మొదటిసారి జరిగింది అదే, పాత డిస్కు టిక్కుమంది. ఇప్పుడు వరుస దిమ్మ, సీసా, అంగుస్తాను, ఉండ. విసురులో మళ్ళీ రెండు కిందికి దిగాను కదా. చెయ్యి అంగుస్తాను మీద పడింది. రెండు పైకెత్తితే అంగుస్తాను ముందుకొచ్చింది. రెండోసారి జరిగిందీ అదే, పెన్‌డ్రైవ్ ముందు నిలబడి నోరు మూసుకుంది. అంగుస్తానును వేరే చోట్లలో కూడా పెట్టి చూశాను. ఇంకెక్కడ పెట్టినా రెండుసార్లు జరిగింది జరిగినట్టు రాలేదు. అప్పుడు నాకు వచ్చిన సంతోషం ఇంతా అంతా కాదు. నా తొందరపాటే నాకు సాక్ష్యం చెప్పింది.

“ఏమైందమ్మాయ్? నవ్వుతున్నావ్.”

“కొత్త డిస్కు మూడోది కాదు బాబాయ్, నాలుగోది. మూడు కిందికి, మూడు పైకి.”

“నాకేం అర్థం కాలేదు. కానీ నువ్వలా నవ్వితే పనైపోయినట్టే.”

కంప్యూటరు ఆపి, మళ్ళీ ఆన్ చేశాను. ఈసారి అత్తగారు చెప్పినవి ఒక్కటి కూడా వదల్లేదు. డిలీట్. ఎఫ్ తొమ్మిది, ఎంటర్. కుడి మూడు. కింద మూడు, ఒక్కొక్కటీ లెక్కపెట్టి. ప్లస్ మూడు. ఎఫ్ పది, ఎంటర్. చేతులు ఒళ్ళో పెట్టుకోలేదు, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. గుర్రు లేదు. టిక్కు లేదు. సన్నటి ఈల ఒకటి మొదలైంది. తర్వాత జలుబు చేసినట్టు ముక్కుతో మాట్లాడే ఆ మగ గొంతు నాకు నమస్కారం చెప్పింది.

“లేచాడు ముక్కాయన,” అన్నాడు బాబాయ్. అని, కుర్చీలో కూలబడి ముక్కు చీదుకున్నాడు. నేను ఏడవలేదు. ఎనిమిదో ప్రతిని మొదటినుంచి అచ్చుకి పెట్టి, సమ్మెట మొదటి దెబ్బ కొట్టాక అప్పుడు ఏడ్చాను, ఆ చప్పుడులో వినబడదని.

పదిన్నరకి మళ్ళీ మొదలైన పని, రెండుకి ఆరు నిమిషాలుందనగా ముగిసింది. మధ్యలో మేమిద్దరం మంచినీళ్ళు కూడా తాగలేదు. బాబాయ్ ఆఖరి ప్రతి కుట్టి, దారం పళ్ళతో తెంపి, నలభై ఒకటి అని లెక్క చెప్పాడు. నేను ఒక్కో ప్రతి అంచు తడిమి మళ్ళీ లెక్కపెట్టాను. తర్వాత నేనే వెళ్ళి తలుపు మూడుసార్లు కొట్టాను.

తాళం వెంటనే తెరుచుకుంది. సూపరింటెండెంటు గారు తలుపు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారట. పది గంటలనుంచీ.

“కరెంటు పోయినప్పుడు కొడతారనుకున్నానమ్మా,” అన్నారు. “తాళం చెవి చేతిలోనే పట్టుకున్నాను.” ప్రతులు లెక్కపెట్టించుకున్నారు, పెన్‌డ్రైవ్ మీద కాగితం చూశారు, తన సంతకం చెక్కుచెదరలేదని గట్టిగానే చెప్పారు. వ్యాను వాళ్ళు కట్టలు మోసుకెళ్ళారు. ఆ తర్వాత ఆయన గొంతు సవరించుకున్నారు. “ఒక మాట అడగకపోతే నా తప్పవుతుంది. కంప్యూటరు మాట్లాడనప్పుడు తెర ఎవరు చూశారు?”

నేను నోరు తెరిచేలోపే బాబాయ్ అందుకున్నాడు.

“నేనే చూశానండి. ఏం చూశానో మాత్రం ఆవిడే చెప్పింది.”

సూపరింటెండెంటు గారు తాళం చెవి జేబులో వేసుకున్న చప్పుడైంది. ఆయన అబద్ధమనుకోలేదని నాకు తెలుసు, నమ్మలేదని కూడా తెలుసు. షరతు షరతే. బాబాయ్ కళ్ళు ఆ గదిలో ఉన్నాయి, ఆ అనుమానం ఆ గదిలో ఉన్నంతకాలం ఆ కుర్చీ సగమే నాది. నాకు సగం అక్కర్లేదు.

“బాబాయ్, నువ్వు బయటికెళ్ళి తలుపు వెయ్,” అన్నాను. వేశాడు. నేను చెయ్యి చాపి మానిటరు మీట నొక్కి తెర ఆపేశాను. తర్వాత కంప్యూటరు ప్లగ్గు గోడలోంచి పీకేశాను, చెప్పిన వరుస మళ్ళీ మరిచిపోవడానికి.

“ఏం చేస్తున్నారమ్మా?” అన్నారాయన.

“పని సార్. పెన్‌డ్రైవ్ ఉంచి చెయ్యమంటారా, తీసి చెయ్యమంటారా?”

“ఉంచే చెయ్యండి,” అన్నారాయన.

ప్లగ్గు పెట్టి మొదలుపెట్టాను. తొందరపడలేదు. మీటలు నొక్కే చప్పుడు తప్ప గదిలో ఇంకేమీ లేదు. ఎఫ్ పది నొక్కాక ఎంటర్ నొక్కి చేతులు తీసేశాను. ఒక్క నిమిషం ఉంటుందేమో ఆ మౌనం. కంప్యూటరు చూపున్నవాళ్ళకీ చూపులేనివాళ్ళకీ ఒక్కలాగే మౌనంగా ఉండే నిమిషం అది. సూపరింటెండెంటు గారు వెనకనుంచి నా కుర్చీ వీపు పట్టుకున్నారు, కర్ర కిర్రుమంది.

“ఇప్పుడేం జరుగుతోంది?” అని అడిగారు.

ఆ ప్రశ్న నేను పుట్టినప్పటినుంచీ అందరినీ అడుగుతూ వచ్చాను. సినిమా హాల్లో మా ఆయన్ని, రోడ్డు మీద ముక్కూమొహం తెలియనివాళ్ళని, ఈ ప్రెస్సులో కనబడిన ప్రతివాళ్ళనీ అడిగాను. ఒకరు నన్ను అడగడం అదే మొదటిసారి. కాసేపు ఉడికించవచ్చు. నాకు తెలుసు ఆ ప్రశ్నకి జవాబు రాకపోతే ఎలా ఉంటుందో, అందుకని వెంటనే చెప్పాను.

“సీడీ డ్రైవు గుర్రుమనలేదు సార్, అంటే అది వెనక్కి వెళ్ళింది. పాత డిస్కు కూడా టిక్కుమనలేదు. ఆ సన్నటి ఈల వినబడుతోందా? అది కొత్త డిస్కు. ఇంకో మూడు లెక్కపెట్టండి.”

ఆయన పైకే లెక్కపెట్టారు. మూడు అనకముందే ముక్కాయన నమస్కారం పెట్టాడు. తలుపు అవతల బాబాయ్ చప్పట్లు కొట్టి, వెంటనే ఏమీ ఎరగనట్టు ఊరుకున్నాడు.

సూపరింటెండెంటు గారు కుర్చీ వదిలి, నా పక్కకి వచ్చి నిలబడ్డారు. గది తాళం చెవి నా ముందు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

“రేపు ఎన్నింటికి వస్తారు, ఇన్‌చార్జి గారూ?” అని మెల్లిగా అడిగారు.

“ఏమన్నారు సార్?” అన్నాను.

ఈ ప్రెస్సులో అందరికంటే పదునైన చెవులు నావేనని ఆయనకి బాగా తెలుసు. అయినా మళ్ళీ అన్నారు, ఈసారి బయట వరండాలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా.